శ్రీకృష్ణదేవరాయలు - శిలలు, ఋతువులు

కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ, పల్లపు నేలలో కొల్లేరు సరస్సు విస్తరించి ఉంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన వాననీరంతా ఇందులో చేరి, ఉప్పుటేరు మీదుగా సముద్రంలో కలుస్తుంది. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, ఈశాన్యాన తాడేపల్లిగూడెం ఉన్నాయి. ఏలూరుకు సమీపంలోని పెదవేగి ఒకనాటి వేంగి రాజధాని. విజయవాడ నుండి రాజమహేంద్రవరానికి సాగే సేనకు కొల్లేటి ముంపును తప్పించుకొనే మెరక భూమి ఈ వైపే ఉంది. నేటి రహదారి కూడా ఇంచుమించు ఆ దిశనే అనుసరిస్తుంది.

16వ శతాబ్ది రెండవ దశకంలో విజయనగర సైన్యం ఈ సీమకు వచ్చింది. అప్పటికి గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట లేదు, కృష్ణపై బెజవాడ ఆనకట్ట లేదు. ఆ రెండూ 19వ శతాబ్ది మధ్యకాలంలో వచ్చినవి. కాలువలు లేని ఆ నాడు వాన కురిస్తే నేల సముద్రమయ్యేది. వాన వెలిస్తే బీటలు వారేది. ఇక్కడ రాజు ఎవరైనా ఏలిక మాత్రం ఋతువే. ఆ సైన్యాన్ని నడిపించిన ప్రభువు పేరు శ్రీకృష్ణదేవరాయలు. ఆయన కోటలను గెలుచుకొని పోవడానికి ఈ తీరానికి వచ్చాడు. కోటలతో పాటు ఒక కావ్యబీజాన్ని కూడా వెంట తీసుకొని పోయాడు.

రాయలు తుళువ వంశీయుడు. తండ్రి నరసానాయకుడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల మరణానంతరం 1509లో ఆయన సింహాసనాన్ని అధిష్ఠించాడు. మహామంత్రి తిమ్మరుసును తండ్రితో సమానంగా భావించి, అప్పాజీ అని పిలిచేవాడని ప్రతీతి. ఉత్తరాన బహమనీ రాజ్యం చీలికల నుండి పుట్టిన సుల్తానులు, తూర్పున ఉదయగిరి దాకా చొచ్చుకొని వచ్చిన కళింగ గజపతులు, లోపల తిరగబడిన సామంతులు - ఇదీ ఆయనకు లభించిన వారసత్వం. అయినా పట్టాభిషేక సందర్భాన ఆయన చేసిన పనులలో నేటికీ కంటికి కనిపించేది యుద్ధానికి సంబంధించినది కాదు. హంపీలోని విరూపాక్షాలయానికి రంగమండపాన్ని, గోపురాన్ని సమకూర్చినట్లు 1510 నాటి శాసనం చెబుతున్నది.

ఆయన దండయాత్రల కథ సుప్రసిద్ధమే కనుక ఇక్కడ విస్తరించనక్కరలేదు. దీర్ఘకాలం ముట్టడించి ఉదయగిరి దుర్గాన్ని పట్టుకున్నాడు. అక్కడి నుండి బాలకృష్ణుని శిలామూర్తిని రాజధానికి తెచ్చి, దానికోసం ప్రత్యేకంగా ఆలయం కట్టించి, 1515లో ప్రతిష్ఠ చేయించాడు. గెలిచిన కోట నుండి ధనాన్ని తెచ్చిన రాజులు చరిత్రలో కొల్లలు. ఒక శిల్పాన్ని తెచ్చి, దానిచుట్టూ ఒక పురాన్నే వెలయించడం మాత్రం రాయల స్వభావాన్ని పట్టి ఇచ్చే విషయం. ఆ మూర్తి నేడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. 1515 జూన్ నెలలో కొండవీడు లొంగిపోయింది. గజపతి కుమారుడు వీరభద్రుడు బందీ అయ్యాడు. తరువాత విజయనగర సేన కృష్ణానది ఒడ్డుకు చేరింది.

కళింగ విజయానికి పోతూ విజయవాడలో కొన్ని దినాలు విడిసిన రాయలు, అక్కడి నుండి శ్రీకాకుళానికి వెళ్ళాడు. ఇది ఉత్తరాంధ్రలోని జిల్లా కేంద్రం కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కొల్లేటికి నైరుతి దిశగా, నది చెంతనే ఉన్న గ్రామం. ఇక్కడి దేవుడు ఆంధ్రమహావిష్ణువు. రాయలు ఏకాదశి ఉపవాసం ఉండి స్వామిని సేవించాడు. ఆనాటి వేకువజామున కలలో ఆంధ్రవిష్ణువు కనిపించి, సంస్కృతంలో కావ్యాలు రచించిన నీవు నాకోసం తెలుగులో ఒక కావ్యం చెప్పుమని కోరాడట. శ్రీరంగనాథునితో గోదాదేవి వివాహం అందులో కథావస్తువు కావాలని కూడా ఆదేశించాడట. ఈ వృత్తాంతాన్ని ఆముక్తమాల్యద అవతారికలో స్వయంగా రాయలే చెప్పుకున్నాడు.

కలను ఎవరు ఏ విధంగా వ్యాఖ్యానించినా, అది కోరిన కథ ఎటువంటిదో ఆలోచించదగ్గది. యుద్ధమధ్యంలో ఉన్న చక్రవర్తికి దిగ్విజయ కథ దొరకలేదు. ఒక తోటమాలి కథ దొరికింది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు తులసీవనం పెంచి, ప్రతిదినం దేవునికి మాల కట్టి ఇచ్చే భక్తుడు. ఆ వనంలో దొరికిన పసిపాప గోద. పెరిగి పెద్దదై, తండ్రి కట్టిన మాలను తాను ముందుగా ముడుచుకొని, బావిలో తన నీడను చూసుకొని మురిసి, ఆ తరువాతనే స్వామికి పంపేది. ధరించి విడిచిన మాలను ఇచ్చినది అని ఆముక్తమాల్యద శబ్దానికి అర్థం. సామ్రాజ్యాధిపతి వ్రాసిన కావ్యంలో అన్నింటికంటె విలువైన వస్తువు కిరీటం కాదు, వాడిపోయే పూలదండ.

శ్రీకాకుళం నుండి కదిలిన తరువాత కొండపల్లి, వేంగిసీమ, రాజమహేంద్రవరం వరుసగా రాయల వశమయ్యాయి. 1516లో సింహాచల నృసింహుని దర్శించి కానుకలు సమర్పించిన విషయం అక్కడి శాసనంలో ఉంది. పొట్నూరులో జయస్తంభం నాటించాడు. చివరికి గజపతి సంధికి వచ్చి తన కుమార్తెనిచ్చి వివాహం చేశాడు. రాయలు గెలిచిన భూమిలో కృష్ణకు ఉత్తరాన ఉన్న భాగాన్ని గజపతికి తిరిగి ఇచ్చివేశాడు. అంటే నేటి ఏలూరు, తాడేపల్లిగూడెం సీమలో ఆయన ఏలుబడి నిలిచినది కొద్ది సంవత్సరాలే. ఆ సీమ అంచున కన్న కల మాత్రం తెలుగువారికి శాశ్వతంగా మిగిలింది.

రాజధాని స్వరూపాన్ని కొంత తెలుసుకుంటే రాయల ఊహ ఏ దిక్కుకు పరుగెత్తేదో అర్థమవుతుంది. హంపీ ప్రాంతం ఏటవాలు బండల నేల. తుంగభద్ర ఆ రాళ్ళను ఒరుసుకుంటూ పారుతుంది. కొండలనే ఆసరా చేసుకొని ఒక ప్రాకారం లోపల మరొక ప్రాకారం కట్టారు. కోట వాకిళ్ళు తిన్నగా ఉండవు. ద్వారం దాటినవానికి ఎదురుగా మరొక గోడ అడ్డు వస్తుంది. పక్కకు తిరగాలి, మళ్ళీ తిరగాలి. దారి తెలియని శత్రువుకు అది పద్మవ్యూహమే. తెలిసినవానికి మాత్రం ఆ మలుపుల వెనుక తోటలు కనిపించేవి. 1520 ప్రాంతంలో ఈ నగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేజ్ ఇది రోము నగరమంత పెద్దదిగా తోచిందని వ్రాశాడు. ఇళ్ళ పెరళ్ళలోని చెట్ల గుంపులు, వాటి నడుమ పారే నీటికాలువలు, అక్కడక్కడా చెరువులు, నిమ్మ, నారింజ తోటలు ఆయనను ఆశ్చర్యపరిచాయి. వానలు అరుదైన రాతినేల మీద అంత పచ్చదనం దానంతట అది రాలేదు. దాని వెనుక ఆనకట్టలు, రాతి తూములు, వంకర తిరిగిన కాలువలు, వేలమంది కూలీల చెమట ఉన్నాయి.

ఆ చెమటకు పేజ్ సాక్షి. రెండు కొండల నడుమ కట్టవేసి రాయలు ఒక పెద్ద చెరువు త్రవ్వించాడు. పదిహేను, ఇరవై వేలమంది చీమల బారుల వలె పని చేయగా నడవడానికి నేల కూడా కనిపించలేదని పేజ్ వర్ణించాడు. కట్ట రెండు మూడు పర్యాయాలు తెగిపోయింది. అది నిలవడానికి దేవతకు బలులు ఇచ్చారని, ఆ బలులలో మనుషులు కూడా ఉన్నారని ఆయన వ్రాసిన మాట చదివినప్పుడు నేటి పాఠకుని మనస్సు చివుక్కుమంటుంది. రాయల కీర్తిని చెప్పేవారు ఈ మాటను దాటవేయడం న్యాయం కాదు. ఈ పనిలో జొవావ్ దె లా పొంతె అనే పోర్చుగీసు రాతిపనివాడు సహాయపడ్డాడని తరువాత వచ్చిన నూనిజ్ తెలిపాడు. చెరువు నిండిన తరువాత దాని క్రింది భూములను బాగుచేసుకోవడానికి రైతులకు తొమ్మిది సంవత్సరాల పాటు శిస్తు లేకుండా ఇచ్చారనీ, వరిపొలాలూ తోటలూ పెరిగి పిమ్మట రాబడి ఇరవై వేల వరహాల దాకా చేరిందనీ కూడా ఆయన వ్రాతల వల్లనే తెలుస్తున్నది. తల్లి పేర నాగలాపురమనే కొత్త పట్టణాన్ని కూడా రాయలు ఈ ప్రాంతంలోనే నిర్మించాడు. నేటి హొసపేట అక్కడ పెరిగిన ఊరే.

ఆ నగరంలో సంవత్సరం రెండు పండుగల మధ్య తిరిగేది. చైత్రంలో విరూపాక్షుని వసంతోత్సవం జరిగేది. రాయలు సంస్కృతంలో రచించిన జాంబవతీకల్యాణ నాటకాన్ని ఆ ఉత్సవానికి వచ్చిన ప్రేక్షకుల ఎదుటనే ప్రదర్శించారు. వానలు వెలిసి, దారులు ఆరి, నదులు దాటడానికి వీలయ్యే శరత్తులో మహానవమి వచ్చేది. నవరాత్రుల తొమ్మిది దినాలూ పూజలు, నాట్యాలు, మల్లయుద్ధాలు, బాణసంచా, చివర సేనల పరిశీలన సాగేవి. శరత్తు యుద్ధయాత్రలకు కూడా అదను. అందుచేత ఆ పండుగ వేడుక మాత్రమే కాదు, సామంతులకూ శత్రువులకూ చేసే హెచ్చరిక కూడా.

ఈ ఉత్సవానికి వేదికయైన మహానవమి దిబ్బ నేటికీ ఆరుబయట నిలిచి ఉంది. పైనున్న చెక్క మండపం కాలిపోయింది. అడుగున రాతి అంతస్తులు మిగిలాయి. వాటి మీద ఏనుగుల బారులు, గుర్రాలు, ఒంటెలు, వేటగాళ్ళు, నర్తకులు వరుసలు వరుసలుగా చెక్కి ఉన్నారు. ఒకచోట స్త్రీలు వసంతమాడుతూ రంగునీళ్ళు చల్లుకుంటున్నారు. శరదుత్సవ వేదిక మీద వసంతం చెక్కిన ఆ శిల్పుల పేర్లు ఏ శాసనంలోనూ కానరావు. దిబ్బ అంతా రాయల నిర్మాణం కాదు; అది అంతకుముందే మొదలై పలు దశలలో పెరిగింది. పేజ్ మాత్రం దానిని ఒరిస్సా విజయానికి గుర్తుగా కట్టించిన విజయగృహమని పేర్కొన్నాడు. విఠలాలయ ప్రాంగణంలోని రాతిరథాన్ని కూడా లోకం రాయల పేరుతోనే తలచుకుంటుంది. కళింగంలో చూసిన కోణార్క రథాలయమే దానికి ప్రేరణ అని ఒక ప్రతీతి. ఒకే బండలా కనిపించే ఆ రథం నిజానికి అతుకు తెలియకుండా కూర్చిన పలు రాళ్ళ కూర్పు.

శిలలో ఋతువులను నిలిపిన కాలమే ఆముక్తమాల్యదలోనూ ఋతువులను నిలిపింది. పూర్వకావ్యాలలో ఋతువర్ణన ఉండవలసిన అష్టాదశ వర్ణనలలో ఒకటిగా ఉంటుంది. కవి దానిని పూర్తిచేసి కథలోకి పోతాడు. రాయలు అలా పోలేదు. గ్రీష్మం, వర్షం, శరత్తు, వసంతం ఆయన కావ్యంలో కథతో సమానమైన స్థానాన్ని ఆక్రమించాయి. అందులోనూ వర్షఋతువు సాటిలేనిది. ముసురు పట్టిన ఇంట్లో తడికట్టెలు రాజుకోక ఇల్లాలు పడే అవస్థ, ఇల్లంతా కమ్ముకునే పొగ, పొలం గుడిసెలో చలికి ముడుచుకున్న కాపు, బురదలో దిగబడే పశువులు - ఇవి అంతఃపుర గవాక్షం నుండి చూసి వ్రాసేవి కావు. దండుతో పాటు గుడారాలలో తడిసినవాడు, పల్లెల మధ్య విడిసినవాడు చూడగలిగినవి. కావ్యం కొంత కఠినంగా ఉంటుందని పండితులు సైతం అంగీకరిస్తారు. సమాసాల గట్లు దాటి లోపలికి పోయినవారికే ఈ పల్లె కనిపిస్తుంది.

శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో ఒక చిత్రం ప్రసిద్ధమైనది. తెల్లవారుజామున పంటకాలువ గట్టున బాతులు తలలను రెక్కలలో దాచుకొని నిద్రిస్తుంటాయి. స్నానానికి వచ్చినవారు ఉతికి, పిండి, మరచిపోయిన బట్టలవి అని కావలివారు భ్రమపడి, తీసి ఇవ్వడానికి నీటిలో దిగుతారు. బాతులు చప్పుడు చేస్తూ పరుగెత్తుతాయి. పొలం కాపు కాసే పడుచులు అది చూసి పకపకా నవ్వుతారు. కథాస్థలం తమిళదేశమే. అయినా కైకలూరు, ఏలూరు లంకగ్రామాలలో పుట్టి పెరిగిన విద్యార్థికి ఈ దృశ్యాన్ని ఏ వ్యాఖ్యాతా వివరించనక్కరలేదు. బాతులు, వరిచేలు, మంచు, కాలువగట్టు అన్నీ అతని ఇంటిముందరివే.

ఈ కావ్యంలోనే యామునాచార్యుడు కుమారునికి రాజనీతిని ఉపదేశిస్తాడు. దేశం చిన్నదైనా చెరువులు, కాలువలు కల్పించి, పేదరైతుకు పన్నులో సడలింపు ఇస్తే రాజుకు ధర్మమూ, అర్థమూ రెండూ పెరుగుతాయని ఆ ఉపదేశంలో ఉంది. నాగలాపురం చెరువు క్రింద తొమ్మిదేళ్ళ శిస్తు మినహాయింపు ఈ మాటకు ఆచరణరూపం. అదే రాజనీతిలో శత్రువుల పట్ల, అడవిజాతుల పట్ల చూపవలసిన కాఠిన్యమూ ఉంది. రాయలను కేవలం కరుణామయునిగా చిత్రించడం ఆయన గ్రంథానికి కూడా సమ్మతం కాదు.

1520లో రాయచూరు యుద్ధంలో బిజాపురం సుల్తానుపై గెలుపు ఆయన కీర్తికి శిఖరం. శిఖరం నుండి దిగే దారి ఇంటిలోనే మొదలైంది. 1524లో బాలుడైన కుమారుడు తిరుమలరాయనికి యువరాజ పట్టాభిషేకం చేశాడు. ఆ బాలుడు త్వరలోనే మరణించాడు. ఆ మరణానికి తిమ్మరుసు కుటుంబమే కారణమని నమ్మి, రాయలు వృద్ధమంత్రిని బంధించి కన్నులు తీయించాడని నూనిజ్ వ్రాశాడు. తనను రాజును చేసిన చేతులను సంకెళ్ళలో చూసిన ప్రభువు మనఃస్థితిని ఏ శాసనమూ చెప్పదు.

నాలుగేళ్ళ తరువాత, 1528లో, కృష్ణాలయానికి దక్షిణాన ఒకే బండరాయిలో నృసింహమూర్తి వెలసింది. ఎత్తు 6.7 మీటర్లు. రాజాజ్ఞపై ఆర్య కృష్ణభట్టు ప్రతిష్ఠ జరిపాడు. ఏడు పడగల ఆదిశేషుని క్రింద, చుట్టలపై కూర్చున్న ఆ స్వామి గ్రుడ్లు మిటకరించి, కోరలు బయటపెట్టి కనిపిస్తాడు కనుక లోకులు ఉగ్రనరసింహుడన్నారు. నిజానికి ఆయన లక్ష్మీనరసింహుడు. ఎడమతొడపై లక్ష్మీదేవి ఉండేది. నేడు ఆయనకు ఆకాశమే కప్పు. ప్రక్కనే బడవిలింగం ఎల్లవేళలా కాలువనీటిలో నిలిచి ఉంటుంది. ఎండలో బండ కాగుతుంది, వానలో నల్లబడుతుంది, నవరాత్రుల నాటి లేత వెలుగులో ఆ ముఖంలోని ఉగ్రత సడలినట్లు తోస్తుంది. రాయలు ఇంత పెద్ద శిలలో తన రూపాన్ని చెక్కించుకోలేదు. తిరుమల ఆలయద్వారం చెంత ఇద్దరు దేవేరులతో నిలిచిన ఆయన లోహప్రతిమ చేతులు జోడించి ఉంటుంది.

నృసింహ ప్రతిష్ఠ జరిగిన మరుసటి ఏడు, 1529 అక్టోబరు 17న, చంద్రగ్రహణం నాడు రాయలు కన్నుమూశాడు. ఈ తేదీని ధ్రువపరచే శాసనం కర్ణాటకలోని తుమకూరు జిల్లా హొన్నేనహళ్ళిలో ఉంది. 2022లో పరిశోధకులు దానిని వెలుగులోకి తెచ్చారు. సోదరుడు అచ్యుతదేవరాయలు రాజయ్యాడు. 1565లో రక్కసి తంగడి యుద్ధం ముగిసిన తరువాత నగరం దోపిడీకి గురియై, తగలబడి, జనశూన్యమైంది. నృసింహుని చేతులు విరిగాయి. లక్ష్మీదేవి మూర్తి ఆ ఒడిలో లేదు. ఆమె చేయి మాత్రం స్వామి నడుము వెనుక అంటిపెట్టుకొని నేటికీ ఉంది. వెనుకకు పోయి చూసినవారికే అది కనబడుతుంది. శిథిలాల నడుమ విజయనగర కాలపు కాలువలు తుంగభద్ర నీటితో ఇప్పటికీ పారుతున్నాయి. వాటి క్రింద అరటితోటలు, వరిచేలు ఉన్నాయి.